ఒకే మోడల్, ఐదు ఇళ్లు: మా ఎస్‌యూవీ ప్రాజెక్టు డైరీ

జూన్ 2025, మొదటి వారం

ఏడుగురు కూర్చునే డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ మా ఇంటికి వచ్చింది. ఇదే మోడల్, ఇదే ఇంజిన్, ఇదే గేర్‌బాక్సు ఉన్న బండి మావాళ్లలో ఇప్పటికే మూడిళ్లలో ఉంది. సూర్యాపేటలో విత్తనాల వ్యాపారం చేసే నా మిత్రుడు దీన్ని మించిన బండి లేదంటాడు. కూకట్‌పల్లిలో ఉండే బావగారు దీన్ని ఎందుకు కొన్నామా అని ఇప్పటికీ బాధపడుతున్నారు. రాజమహేంద్రవరంలో బాబాయి మాత్రం నడకకు నూటికి నూరు మార్కులు వేసి, తయారీ పనితనానికి ముప్పై అయిదు దగ్గర ఆపేశారు.

కొనేముందు ముగ్గురినీ అడిగాను. ముగ్గురూ నాకు అబద్ధం చెప్పేవాళ్లు కారు. అలాంటప్పుడు ఒకే కర్మాగారంలో తయారైన ఒకే బండి గురించి ఇన్ని రకాల మాటలు ఎలా పుట్టాయి? దీన్ని తేల్చడమే ఈ ప్రాజెక్టు. ఒక్కో ఫిర్యాదునూ తీసుకుని, మీటరు పెట్టి, అవసరమైతే ప్లాస్టిక్ పలకలు ఊడదీసి చూస్తాను. అది వాడకం వల్ల వచ్చిందా, అమరికలో తేడా వల్ల వచ్చిందా, తయారీలోనే లోపం ఉందా అన్నది బయటపడాలి. ఈ మూడింటినీ కలిపి మాట్లాడితే సర్వీస్ సెంటరు మనకు ఒకే జవాబు చెబుతుంది: ‘ఈ బండ్లన్నీ ఇంతే సార్.’

పరికరాలు ఎక్కువేమీ లేవు. గాలి కొలిచే గేజి, ఫోనుకు కలిసే ఓబీడీ అడాప్టర్, కొలత టేపు, చిన్న టార్చి, ట్రిమ్ విప్పే ప్లాస్టిక్ పనిముట్లు, ఫెల్ట్ టేపు, ఒక నోటుపుస్తకం. ఓబీడీ అడాప్టర్ స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో దూరుతుంది. ఇంజిన్ కంప్యూటర్‌కు తెలిసిన సంగతుల్లో కొన్నింటిని అది ఫోను తెర మీదకు తెస్తుంది. బండి పేరు ఇక్కడ రాయను. రాయబోయే విషయాల్లో చాలావరకు ఈ తరగతి డీజిల్ బండ్లన్నిటికీ వర్తించేవే.

జూన్ చివర: మైలేజీ

అందరూ ముందుగా అడిగేది ఇదే కాబట్టి ఇక్కడినుంచే మొదలుపెట్టాను. డ్యాష్‌బోర్డు చూపించే అంకెను పక్కన పెట్టి, ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు లెక్క వేశాను. ఒకే బంకు, ఒకే పంపు. నాజిల్ మొదటిసారి దానంతటది ఆగిన చోటే ఆపించాలి. రౌండ్ ఫిగర్ కోసం ఇంకో అర లీటరు కొట్టించామంటే ఆ లెక్క పనికిరాదు.

విజయవాడ లోపల, బెంజ్ సర్కిల్ నుంచి వన్‌టౌన్ దాకా తిరిగే తిరుగుడులో, లీటరుకు పదిన్నర కిలోమీటర్లు వచ్చింది. హైదరాబాద్ రహదారిలో 80 దగ్గర నిలకడగా వెళ్తే 16.8. అదే దారిలో 100 దగ్గర పెడితే 14.1. ఇందులో వింత ఏమీ లేదు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎత్తుగా, వెడల్పుగా నిలబడే ఎస్‌యూవీకి ఆ దెబ్బ సెడాన్ కంటే గట్టిగా తగులుతుంది. డ్యాష్‌బోర్డు అంకె మాత్రం ప్రతిసారీ అసలు కంటే దాదాపు ఒక కిలోమీటరు ఎక్కువే చూపింది.

సూర్యాపేట మిత్రుడు 17 వస్తుందంటాడు, బావగారు 9 అంటారు. ఇద్దరి మాటా నిజమే. మిత్రుడు కోదాడ, ఖమ్మం, మిర్యాలగూడ తిరుగుతాడు. బండి ఒకసారి కదిలితే గంట దాకా ఆగదు. బావగారిది కూకట్‌పల్లి నుంచి మాదాపూర్. కంపెనీ ప్రకటించే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణీత వేగాల పట్టిక ప్రకారం తీసినది. అందులో మెట్రో స్తంభాల పక్కన అరగంట నిలబడటం ఉండదు. ఆ అంకె రెండు బండ్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది. నెల ఖర్చు లెక్క కట్టడానికి పనికిరాదు.

జులై: కూకట్‌పల్లిలో డీపీఎఫ్ లైటు

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నదీ, నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నదీ ఇదే.

బావగారి బండిలో పసుపు లైటు వెలిగింది. దాంతోనే రెండు రోజులు తిరిగారు. తర్వాత ఇంజిన్ బలం తగ్గిపోయి బండి ఈడ్చుకుంటూ నడిచింది. సర్వీస్ సెంటరులో కంప్యూటర్ తగిలించి, నిలబెట్టిన చోటే ఫిల్టరు శుభ్రం చేసి, బిల్లు వేశారు. ఇది వారంటీలోకి రాదు, మీరు నడిపే తీరే కారణం అన్నారు. నెల తిరగకుండా లైటు మళ్లీ వెలిగింది. అక్కకు కోపం వచ్చిందంటే అర్థం ఉంది. ఇరవై లక్షలు పోసి కొన్న బండి నాలుగు నెలలకే నడవనని మొరాయిస్తే ఎవరికైనా వస్తుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో, బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. వాటిని అందుకోవడానికి డీజిల్ కార్లలో సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు పెడుతున్నారు. అదే డీపీఎఫ్. లోపల తేనెపట్టులాంటి పింగాణీ గదులుంటాయి. పొగ ఆ గోడల గుండా వడకట్టుకుని బయటకు పోతుంది, మసి లోపల ఉండిపోతుంది. అది నిండకుండా ఎప్పటికప్పుడు కాలిపోవాలి. కాలాలంటే ఫిల్టరు దాదాపు 600 డిగ్రీల వేడి అందుకోవాలి. హైవే మీద ఇంజిన్ శ్రమపడుతున్నప్పుడు కొంత మసి దానంతటదే తగ్గుతుంది. మిగిలినదాన్ని కాల్చడానికి కంప్యూటర్ అప్పుడప్పుడు కాస్త ఎక్కువ డీజిల్ చల్లి వేడి పెంచుతుంది. మెకానిక్‌లు రీజెన్ అనేది దీన్నే. సాధారణంగా పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో ఇంజిన్ ఆపేస్తే పని సగంలో ఆగిపోతుంది.

బావగారి ఇంటినుంచి ఆఫీసు తొమ్మిది కిలోమీటర్లే అయినా ముప్పావు గంట పడుతుంది. ముప్పావు గంటలో ఇంజిన్ వేడెక్కదా అని ఆయన వాదన. నాకూ మొదట అదే సందేహం. అందుకే అడాప్టర్ పెట్టి ఒక ఉదయం ఆయన పక్కన కూర్చున్నాను. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల ఉష్ణోగ్రత 88 దాకా ఎక్కింది, ఇంజిన్ చక్కగా వేడెక్కింది. కానీ ఫిల్టరు ముందున్న సెన్సర్ 200కు కాస్త అటూ ఇటూ ఊగిందే తప్ప పైకి పోలేదు. అంగుళం అంగుళం కదిలే బండిలో ఇంజిన్‌కు శ్రమే ఉండదు. శ్రమ లేనప్పుడు పొగలో వేడి ఉండదు. జేఎన్టీయూ దాటాక బండి తనంతట తానే రీజెన్ మొదలుపెట్టింది. నిలబడినప్పుడు ఇంజిన్ చప్పుడు కొద్దిగా పెరిగింది, ముందు ఫ్యాను గట్టిగా తిరిగింది, కాలిన వాసన వచ్చింది. ఆఫీసు సెల్లారు వచ్చేసింది, బావగారు తాళం తిప్పి ఆపేశారు. రోజూ జరుగుతున్నది ఇదే.

ఆ ఆదివారం తెర మీద మసి 84 శాతం. ముత్తంగి దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కి శంషాబాద్ వైపు వెళ్లాం. గేర్లు మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఒక గేరు తక్కువలో, ఇంజిన్ 2,200 చుట్లకు తగ్గకుండా చూసుకున్నాం. ఫిల్టరు ఉష్ణోగ్రత చూస్తుండగానే ఆరు వందలకు చేరింది. కోకాపేట దాటేసరికి మసి సగానికి పడిపోయింది. శంషాబాద్ దిగేటప్పటికి 11 శాతం. బావగారు ఫోనుకేసి, రోడ్డుకేసి మార్చి మార్చి చూసి, ‘ఈ ముక్క షోరూములో ఒక్కడు చెప్పలేదురా’ అన్నారు.

నా ఆగ్రహం కూడా అక్కడే. బండి అమ్మేటప్పుడు ‘రోజుకు ఎంత దూరం, ఏ దారిలో తిరుగుతారు’ అని అడగడానికి అర నిమిషం చాలు. అడిగి ఉంటే ఇదే మోడల్లో దొరికే పెట్రోలు ఇంజిన్ వైపు వాళ్లు వెళ్లేవాళ్లు. లీటరుకు రెండు కిలోమీటర్లు తక్కువ ఇచ్చినా ఈ తలనొప్పి ఉండేది కాదు. యజమాని పుస్తకంలో రాశాం కదా అని కంపెనీ అనవచ్చు. ఆ పుస్తకం బండితోపాటు వస్తుంది, డబ్బు కట్టాక వస్తుంది.

ఇంకో పని కూడా చేశాం. డిప్‌స్టిక్ తీసి ఇంజిన్ ఆయిల్ మట్టం చూశాం. పై గీత దాటి ఉంది. రీజెన్ కోసం చల్లిన డీజిల్ పూర్తిగా కాలకపోతే కొంత సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ తగ్గితే కంగారుపడటం మనకు అలవాటు, కానీ ఈ ఇంజిన్లలో పెరిగినా కంగారుపడాలి. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. సర్వీసు గడువు రాకపోయినా ఆయిల్ మార్పించాం. తక్కువ బూడిద వదిలే రకం ఆయిలే పోయాలని దగ్గరుండి చూసుకున్నాం. మసి కాలుతుంది కానీ ఆయిల్ వదిలే బూడిద కాలదు, ఫిల్టరులోనే పేరుకుంటుంది.

అప్పటినుంచి బావగారు వారానికోసారి అవుటర్ మీద తిప్పి, మసి శాతం రాసి పంపుతున్నారు. లైటు మళ్లీ రాలేదు. ‘ఫిల్టరు కోసం ఆదివారం పూట డీజిల్ తగలేయాలా’ అన్న ఆయన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆగస్టు: వెనక వరుసలో కటకట

మా బండిలో నలభై వేగం దగ్గర, గతుకుల రోడ్డు మీద మాత్రమే, వెనక ఎడమవైపు కటకటమనే చప్పుడు. సర్వీస్ సెంటరు వాళ్లు నున్నటి రోడ్డు మీద తిప్పి ఏమీ లేదన్నారు. అబ్బాయిని మూడో వరుసలో కూర్చోబెట్టి, అనుమానం ఉన్నచోటల్లా అరచేత్తో నొక్కమని చెప్పి, కృష్ణలంక సందుల్లో తిప్పాను. చెయ్యి పెట్టగానే చప్పుడు ఆగిన చోట ఫోటో తీశాడు. సీటు బెల్టు కొక్కెం పక్క ప్లాస్టిక్‌కు తగులుతోంది. దానికి ఫెల్ట్ టేపు అంటించాక సగం చప్పుడు పోయింది. మిగతా సగం డిక్కీ నేల కింద జాకీది. దాన్ని బిగించే మర వదులుగా ఉంది, చేత్తోనే రెండు చుట్లు తిరిగింది. ఇంతే.

ఈ మోడల్లో బిగింపు సరిగా లేదని బాబాయి అన్నది ఈ విషయంలో నిజం. ఈ ధరలో మర బిగించి పంపడం కర్మాగారం పని.

ఆగస్టు, వానలు: బాబాయి పైకప్పు అద్దం

రాజమహేంద్రవరంలో బాబాయి బండికి వెడల్పాటి సన్‌రూఫ్ ఉంది. నాలుగు రోజుల ముసురు తర్వాత డ్రైవరు వైపు ముందు స్తంభం నుంచి నీళ్లు కారి కాళ్ల దగ్గర కార్పెట్ తడిసిపోయింది. సర్వీస్ సెంటరు వాళ్లు చూసి, మీ వీధిలో వేపచెట్టు ఉంది, ఆకులు అడ్డుపడ్డాయి అన్నారు. బాబాయి విశ్రాంత ఇంజినీరు. ఆకు ఒక్కటి చూపించండి అని అడిగారట. చూపించలేదు.

సన్‌రూఫ్ అంచు రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపదు, ఆపాలని దాన్ని పెట్టరు కూడా. అంచుల చుట్టూ సన్నని కాలువ ఉంటుంది. దానికి నాలుగు మూలలా సన్నని గొట్టాలు ఉండి, లోపలికి వచ్చిన నీటిని స్తంభాల గుండా కిందికి దించి చక్రాల దగ్గర వదులుతాయి. అద్దం తెరిచి, మూలలో సగం గ్లాసు నీళ్లు నిదానంగా పోస్తే అటువైపు చక్రం వెనకనుంచి కారాలి. మూడు మూలల్లో కారాయి. ముందు కుడి మూలలో పోసినవి మాయమైపోయి, కాసేపటికి కార్పెట్‌లో తేలాయి.

స్తంభం మీది ప్లాస్టిక్ పలకను మేం విప్పలేదు. అందులో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాన్ని ఇంట్లో ముట్టుకోకూడదు. నీళ్లు పోసి చూసిన వీడియో తీసి, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, జాబ్ కార్డులో ‘నీటి గొట్టం పరీక్ష’ అని రాయించి సంతకం తీసుకున్నాం. రెండో రోజు సర్వీస్ మేనేజరు తనే ఫోను చేశాడు. గొట్టం మూలలోని మొనకు అసలు తగిలించే లేదట. కర్మాగారం నుంచే అలా వచ్చింది. వేపచెట్టుకు ఇందులో పాత్ర లేదు. కార్పెట్ కింది స్పాంజి కూడా మార్చాలని బాబాయి పట్టుబట్టారు, మార్చారు. తడిసిన స్పాంజి పైకి ఆరినట్టే ఉండి, లోపల వైర్ల కనెక్టర్లకు తుప్పు పట్టిస్తుంది.

జాబ్ కార్డు మీద రాయించిన ఆ ఒక్క వాక్యమే పని చేయించింది. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు ఎక్కడా మిగలదు. వాళ్లు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించనంత వరకు, జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. అక్కడ అడిగేది కాగితాలనే.

సెప్టెంబరు: ధర తగ్గిన వారం

సెప్టెంబరు 22న కార్ల పన్ను మారింది. ఈ పరిమాణం ఎస్‌యూవీ మీద అప్పటిదాకా జీఎస్టీ 28 శాతం, సెస్సు 22 శాతం కలిపి 50 ఉండేది. ఇప్పుడు సెస్సు పోయి మొత్తం 40 అయింది. పన్నుతో కలిపి 20 లక్షలున్న బండి అదే మూల ధర మీద లెక్క వేస్తే లక్షా ముప్పై మూడు వేలు తగ్గుతుంది. నేను జూన్‌లో కొన్నాను. బావగారు మార్చిలో. కాకినాడలో ఉండే మా సీనియర్ సహోద్యోగి దసరాకు కొన్నారు, అదీ ఇదే మోడల్. ఐదో ఇల్లు ఆయనది. ఆయన ఆనందం ముందు మా ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. పన్నుకూ బండి నాణ్యతకూ సంబంధం లేదు. కానీ ఆ వారమంతా బావగారికి బండిలో కొత్త లోపాలు కనిపించాయి, కాకినాడ ఆయనకు మాత్రం ఏ లోపమూ కనిపించలేదు. యజమానుల మాటలు వినేటప్పుడు ఎప్పుడు కొన్నారో కూడా అడగాలని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

అక్టోబరు, నవంబరు: కాకినాడ కుదుపులు

ఆ ఆనందం మూడు వారాలు నిలిచింది. వెనక కూర్చుంటే నడుము విరుగుతోంది, ఎడ్లబండి నయం అని వాళ్ల అమ్మగారు అన్నారట. మా బండిలో వెనక కూర్చుని మా అమ్మ నిద్రపోతుంది. సస్పెన్షన్ ఒకటే, టైర్ల సైజూ ఒకటే. అయితే టైర్లలో గాలి చూడమన్నాను.

పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. నడిచి వేడెక్కాక గాలి ఒత్తిడి మూడు నాలుగు పీఎస్‌ఐ దాకా పెరిగి కనిపిస్తుంది. ఆయన పంపిన ఫోటోలో 42. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఉండే స్టిక్కరు ప్రకారం, నలుగురు కూర్చుంటే 33. కర్మాగారం నుంచి లారీల మీద వచ్చి యార్డులో నిలబడే బండ్లకు టైర్లు అణగకుండా గాలి ఎక్కువ పెడతారు. అప్పగించే ముందు షోరూము వాళ్లు దాన్ని తగ్గించాలి. తగ్గించలేదు. గాలి సరిచేసిన రోజు సాయంత్రం అమ్మగారు పిఠాపురం గుడికి వెళ్లివచ్చి ఏ ఫిర్యాదూ చేయలేదు. రాయడానికి చిన్న సంగతే. కానీ ఆ మూడు వారాల్లో ఆ బండి సస్పెన్షన్ బాగాలేదని ఆఫీసులో ఎంతమందికి చెప్పి ఉంటారో!

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. రెండు రోజులు గోదావరి జిల్లాలు వానలో నానాయి. బాబాయి బండిని కావాలనే బయట పెట్టి, తెల్లారి కార్పెట్ కింద టిష్యూ కాగితం పెట్టి చూశారు. పొడిగా ఉంది. ఆ మరమ్మతును పూర్తయినట్టు డైరీలో కొట్టేశాను.

డిసెంబరు: అమ్మ మోకాళ్లు, పాప సీటు

ఈ రెండూ ఏ షోరూములోనూ తెలిసే సంగతులు కావు. ఇంట్లోవాళ్లను తీసుకెళ్లి, నిజంగా ఎక్కించి దించితేనే తెలుస్తాయి.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. బండి గడప నేల నుంచి 47 సెంటీమీటర్ల ఎత్తుంది. ఇంటి మెట్టు ఎత్తు పదిహేడు. పక్కన మెట్టు పట్టీ వేయించమని అందరూ అంటారు. బాబాయి బండికి ఉన్నది చూశాను. వెడల్పు తక్కువ, వానలో జారుతుంది, దాన్ని దాటి నేల మీద కాలు పెట్టాలంటే ఇంకా దూరం చాపాలి. ఎక్కేటప్పుడు సాయపడుతుంది, దిగేటప్పుడు అడ్డుపడుతుంది. దాని బదులు తలుపు గొళ్లెం ఇనుప కొక్కేనికి తగిలించి పట్టుకునే పిడి ఒకటి, గరుకు పైభాగమున్న మడత స్టూలు ఒకటి తెచ్చాను. అమ్మ ఇప్పుడు ఎవరి చెయ్యీ అడగకుండా దిగుతోంది. ఈ బండి మీద పెట్టిన డబ్బులో నాకు అన్నిటికంటే సంతృప్తినిచ్చింది ఆ స్టూలు.

పాపకు మూడేళ్లు. రెండో వరుసలో, పిల్లల సీటు కోసమే బండిలో ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకు బిగించే సీటు పెట్టాం. కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల డమ్మీలను వాళ్లకు తగ్గ సీట్లలో కూర్చోబెట్టి బండిని గుద్దించి చూస్తారు. పిల్లల భద్రతకు వచ్చే స్టార్లు ఆ సీటును కూడా లెక్కలోకి తీసుకుని ఇచ్చినవే. సీటు కొనకుండా పాపను ఒళ్లో పెట్టుకుంటే ఆ స్టార్లు ఆమెకు వర్తించవు. సీటు బండి ధర ముందు ఎంత, ఎందుకు ఇంత తక్కువమంది కొంటారో నాకు అర్థం కాదు.

చిక్కు ఇంకోచోట ఉంది. మూడో వరుసలోకి వెళ్లాలంటే రెండో వరుస సీటును మడిచి ముందుకు దొర్లించాలి. పిల్లల సీటు బిగించిన సీటు దొర్లదు. అంటే ఆ వైపు దారి మూసుకుపోయినట్టే. పాప సీటును రోడ్డు వైపు తలుపు దగ్గరకు మార్చి, కాలిబాట వైపు దారి ఖాళీగా ఉంచాం. రెండో వరుసలో విడివిడి సీట్లున్న రకం తీసుకుంటే మధ్యనుంచి నడిచిపోవచ్చు, కానీ ఒక సీటు తగ్గుతుంది. చిన్న పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి ఉన్న ఇంటికి ఆ ఒక్క సీటు పోయినా అదే మంచిదని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

జనవరి 2026: సంక్రాంతి, అమలాపురం దారి

పూర్తి బరువుతో పరీక్ష ఇదే. పెద్దలు ఐదుగురు, పిల్లలిద్దరు. బయలుదేరేముందు బరువు లెక్క వేశాను. మా బండి మోయగలిగిన బరువు 530 కిలోలు. మనుషులమే దాదాపు 390. మిగిలింది 140, అందులో పిల్లల సీటు, పెట్టెలు, నీళ్లు, అమ్మ పెట్టించిన పచ్చళ్ల జాడీలు. తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తాలు వేస్తామని మామయ్య అంటే ఒక్కదానికే ఒప్పుకున్నాను. ఏడు సీట్లున్నాయంటే ఏడుగురితోపాటు వాళ్ల సామానంతా మోస్తుందని అర్థం కాదు. మూడో వరుస లేపితే డిక్కీలో రెండు చిన్న పెట్టెలకు మించి పట్టవు. వెనక టైర్లలో గాలి స్టిక్కరు చెప్పినట్టు 39కి పెంచాను.

ఏలూరు దాటేదాకా వాహనాల బారులు తీరి ఉన్నాయి. ముందు బండిని బట్టి వేగం తగ్గించుకుని పెంచుకునే క్రూజ్ మీద సూర్యాపేట మిత్రుడికి విపరీతమైన ప్రేమ. నాకు పండగ రద్దీలో అది పనికిరాలేదు. ముందు బండికి మనం వదిలిన ఖాళీలోకి ఇంకో బండి దూరుతుంది, మనది బ్రేకు వేస్తుంది, వెనకవాడు హారన్ కొడతాడు. తణుకు దాటి రద్దీ పలచబడ్డాక మళ్లీ వేస్తే చక్కగా పనిచేసింది. రావులపాలెం నుంచి కోనసీమ ఇరుకు రోడ్ల మీద దాన్ని పూర్తిగా ఆపేశాను. గట్టు మీద నుంచి ఆవు ఎప్పుడు దిగుతుందో రాడార్‌కు తెలియదు.

మూడో వరుసలో మా అబ్బాయి, మా తోడల్లుడు కూర్చున్నారు. అబ్బాయికి హాయిగానే ఉంది. తోడల్లుడు ఐదడుగుల పది అంగుళాలు, మోకాళ్లు గడ్డానికి దగ్గరగా వచ్చాయి. ఏలూరులో సీటు మార్చుకున్నాడు. నిండు బరువుతో మైలేజీ 13.2 వచ్చింది, ఏసీ మూడు వరుసలకూ సరిపోయింది, వెనక సస్పెన్షన్ ఎక్కడా అడుగంటలేదు. ఈ పనికి ఈ డీజిల్ ఇంజిన్‌ను మించింది లేదు. మిత్రుడి మాట అక్షరాలా నిజమని అక్కడినుంచే ఫోను చేసి చెప్పాను.

ఊళ్లో బావగారు, అక్క కలిశారు. మియాపూర్‌లో ఉండే మరదలు ఇదే బండి కొందామా అని అడిగింది. రోజుకు ఎంత దూరం అన్నాను. పిల్లల బడి, కూరల మార్కెట్, కలిపి ఆరు కిలోమీటర్లు. ఏడాదికి ఎన్నిసార్లు ఏడుగురు కూర్చుంటారు? సంక్రాంతికీ, పెళ్లిళ్లకూ. పెట్రోలు తీసుకో, ఐదు సీట్లది చాలు, పండక్కి మా బండి ఉంది అన్నాను. బావగారు నాకంటే ముందే తల ఊపారు.

ఇంకా మిగిలిన పనులు: మా మొదటి ఏడాది సర్వీసులో ఆయిల్ రకం జాబ్ కార్డు మీద రాయించాలి. కెమెరా తెర రివర్స్ గేరులో అప్పుడప్పుడు నల్లబడుతోంది. సాఫ్ట్‌వేర్ మార్చినా పోలేదు, అలా జరిగిన ప్రతిసారీ వీడియో తీసి పెడుతున్నాను, ఈసారి లిఖితపూర్వకంగా ఇస్తాను. బావగారి మసి చార్టు మార్చి దాకా సాగుతుంది. అప్పటికి బండికి ఏడాది నిండుతుంది. ఈలోగా లైటు ఇంకొక్కసారి వెలిగితే అమ్మేసి పెట్రోలు బండి తీసుకుంటామని అక్క తేల్చి చెప్పింది. కొనేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమంది కూడా. సూర్యాపేట మిత్రుడి తమ్ముడు తమకు రెండో బండి కావాలంటున్నాడు, చార్టు మొత్తం అతనికి పంపాను.